చలిగదిలో యాపిల్ కుళ్లు: ఒక వాక్యానికి వ్యాఖ్య

మూలం: గాయం దారిన చేరి చలిగదిలో యాపిల్‌ను కుళ్లబెట్టే నీలిబూజును మొక్కల తైలాలు అణచగలవు.

గాయం దారిన: వాక్యానికి ప్రాణం ఇక్కడే ఉంది. మైనం పూత ఉన్న తొక్క చెక్కుచెదరకుండా ఉంటే ఈ బూజుకు లోపలికి రావడం చాలా కష్టం. పక్క కాయ తొడిమ గుచ్చుకున్నా, కోసేవారి గోరు దిగినా, పెట్టె అంచు ఒరుసుకున్నా చాలు. కాయలు కడిగే తొట్టి నీళ్లు మార్చకపోతే ఒక్క కుళ్లుకాయలోని బూజు బీజాలు తొట్టి అంతా కలిసి, ప్రతి గాటులోనూ చేరతాయి. లోపలికి దిగిన బూజు గ్లూకోనిక్ ఆమ్లాన్ని విడిచి కండను ఇంకా పుల్లబరుస్తుంది. ఆ పులుపులో దాని ఎంజైములు చురుగ్గా పనిచేసి, కణాలను అతికి ఉంచే పెక్టిన్‌ను కరిగిస్తాయి. అందుకే మచ్చ మీద వేలు ఆనిస్తే దిగిపోతుంది.

చలిగదిలో: హిమాచల్‌లో, కాశ్మీరులో వర్షాకాలం చివర కోసిన కాయ ఎండాకాలంలో మన పండ్ల బండ్ల మీద దొరుకుతోందంటే ఈ గదుల చలవే. ఉష్ణోగ్రతను సున్నా డిగ్రీల దరిదాపుల్లో, ఆక్సిజన్ రెండు మూడు శాతంలో ఉంచుతారు. కాయ శ్వాస మందగిస్తుంది. బూజూ మందగిస్తుంది కానీ చావదు.

నీలిబూజు: పెనిసిలియం ఎక్స్‌పాన్సమ్. ఇది పాటులిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. యాపిల్ రసంలో అది కిలోకు 50 మైక్రోగ్రాములు మించకూడదన్నది అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ నియమం. రసం కాచినా అది పూర్తిగా పోదు. కుళ్లుకాయలను రసానికి పంపడం క్షమించరానిది.

మొక్కల తైలాలు: వాములోని థైమాల్, లవంగంలోని యూజినాల్, దాల్చినచెక్కలోని సిన్నమాల్డిహైడ్, నిమ్మగడ్డిలోని సిట్రాల్. ఇవి కొవ్వులో కరుగుతాయి కనుక బూజు కణపు పొరలోకి చొరబడి దాన్ని చెడగొడతాయి; లోపలి పదార్థం బయటికి కారిపోతుంది. 2013లో యూరోపియన్ యూనియన్ థైమాల్, యూజినాల్, జెరానియాల్‌లను పంట రక్షణ పదార్థాలుగా ఆమోదించింది. థయాబెండజోల్ వంటి బూజు మందులకు లొంగని నీలిబూజు రకాలు పుట్టుకొచ్చాక వీటి అవసరం మరీ పెరిగింది.

అణచగలవు: ప్రయోగశాల గాజు పళ్లెంలో బూజును నిలువరించిన మోతాదు కాయ మీద చాలకపోవచ్చు. మోతాదు పెంచితే తొక్క మాడుతుంది, కాయకు లవంగం వాసన పడుతుంది. తైలం త్వరగా ఆవిరైపోతుంది కూడా. అందుకని దాన్ని మైనపు పూతలో కలపడం, సన్నటి పొగమంచుగా గదిలోకి వదలడం చేస్తారు. అదీ కోత అయిన వెంటనే, గాయంలో పడ్డ బీజం ఇంకా మొలకెత్తకముందే. కండలోకి దిగిన బూజును పైపూత అందుకోలేదు. ఆ కాయను ఏరి తీసేయాల్సిందే.