ఒక షిల్లింగు పంచాంగం, జీతంలేని లెక్కగాళ్ళు

మా కాలనీ ఆదివారం మ్యాచ్‌ల గురించి ప్రతివారం వ్రాస్తున్నాను. స్కోరుకార్డు, దాని కింద నాలుగు పేరాల కథ. మొన్నటితో పదకొండు వారాలు. చదివేది ఆడినవాళ్ళే, అందులోనూ డకౌటైనవాళ్ళు చదవరు :) "ఎవడి కోసంరా ఇదంతా? ఆ టైములో ఏదైనా కోర్సు చేసుకోవచ్చుగా" అన్నాడు మా టీములో ఒకడు. అప్పటికప్పుడు జవాబు తోచలేదు. తర్వాత ఆలోచిస్తే రెండు పాత కథలు గుర్తొచ్చాయి.

మొదటిది జాన్ విజ్డెన్ కథ. ససెక్స్ ఫాస్ట్ బౌలరు, మనిషి చూస్తే పొట్టి! 1850లో లార్డ్స్‌లో ఒకే ఇన్నింగ్స్‌లో పదిమందినీ క్లీన్ బౌల్డ్ చేశాడు. 1863లో ఆట మానేసి, మరుసటి ఏడాదే 112 పేజీల 'క్రికెటర్స్ ఆల్మనాక్' అచ్చేశాడు. మన లెక్కలో క్రికెట్ పంచాంగం అన్నమాట. వెల ఒక షిల్లింగు.

ఆ మొదటి సంచిక నిజంగా గొప్పదా అంటే, లేదు. స్కోర్లు ఉన్నాయి గానీ వాటితోపాటు డెర్బీ పందెంలో గెలిచిన గుర్రాలు, కాలువల పొడవులు, మొదటి ఛార్లెస్ రాజుపై విచారణ జరిగిన తేదీ... ఇవన్నీ క్రికెట్ పుస్తకంలో ఎందుకో ఆయనకే తెలియాలి. పోనీ పోటీ లేదా అంటే, ఫ్రెడ్ లిల్లీవైట్ గైడు అప్పటికి పదిహేనేళ్ళుగా మార్కెట్లో ఉంది. అది 1866తో ఆగిపోయింది. విజ్డెన్‌ది మాత్రం ప్రతి ఏడూ వచ్చింది. మ్యాచ్‌ల వర్ణనలు 1870లో మొదలయ్యాయి. ఆ ఏటి మేటి ఆటగాళ్ళని ఎంచడం 1889లో మొదలైంది. ఆయన 1884లోనే పోయాడు, పుస్తకం ఆగలేదు. రెండు ప్రపంచయుద్ధాల్లోనూ ఆగలేదు. గుర్రాలు, కాలువలు ఎప్పుడో పోయాయి, స్కోర్లు మిగిలాయి.

రెండోది మాలాంటి కంప్యూటరు జీవులకి దగ్గరి కథ. 1993లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో సైమన్ కింగ్ అనే బ్రిటిష్ పరిశోధకుడు క్రిక్ఇన్ఫో మొదలుపెట్టాడు. ఆ దేశంలో క్రికెట్ స్కోరు తెలియాలంటే గగనం. పేపర్లో రాదు, టీవీలో రాదు. చాట్ రూములో అడిగితే స్కోరు చెప్పే చిన్న ప్రోగ్రాముతో మొదలై, రకరకాల దేశాల విద్యార్థులు వచ్చి చేరారు. మన పక్కనున్న చెన్నై నుంచి వెళ్ళిన బద్రి శేషాద్రి కూడా తొలినాళ్ళలోనే కలిశాడు. మ్యాచ్ అందుబాటులో ఉన్నవాడు బంతి బంతికీ టైపు చేసేవాడు. ఇంకొందరు పాత టెస్టుల స్కోరుకార్డులు ఎక్కించేవారు. పైసా జీతం లేదు. తప్పు పడితే ఇంకొకడెవడో దిద్దేవాడు. నన్నడిగితే అది పెరగడానికి అసలు కారణం ఈ దిద్దుబాటే.

తర్వాత డబ్బులొచ్చాయి. మన హైదరాబాదు సత్యం వారి అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే 2000లో పాతిక శాతం వాటాకి 3.75 కోట్ల డాలర్లు విలువ కట్టింది. 2001లో ఇంగ్లండు కౌంటీ ఛాంపియన్‌షిప్‌కి స్పాన్సరు ఎవరనుకున్నారు? క్రిక్ఇన్ఫోనే! ఆ డాట్‌కామ్ వైభవం ఎన్నాళ్ళో నిలవలేదు. 2003లో దాన్ని కొన్నది ఎవరో తెలుసా? విజ్డెన్ గ్రూపు. షిల్లింగు పంచాంగం, చాట్ రూము పిల్లలు ఒకే గూటికి చేరారు. 2007లో అది ఈఎస్‌పీఎన్ చేతికి వెళ్ళింది. ఉచితంగా టైపు చేసినవాళ్ళ శ్రమ కంపెనీల ఆస్తి అయిందే అని నాకు కాస్త చివుక్కుమంటుంది. కానీ యజమానులు ఇంతమంది మారినా ఆ స్కోరుకార్డులు చెక్కుచెదరలేదు. అదీ నిజమే.

ఇప్పుడు అసలు విషయం. మా నాన్న దగ్గర ఆరు లాంగ్ నోటుబుక్కులు ఉండేవి. రేడియో కామెంటరీ వింటూ గీతలు కొట్టి వ్రాసుకున్న స్కోర్లు. 2001లో కలకత్తా టెస్టులో మన లక్ష్మణ్ కొట్టిన 281 కూడా అందులో ఉండేది, ఫోర్లన్నీ ఎర్ర ఇంకుతో. ఎవరికీ చూపించేవాడు కాదు. ఇల్లు మారేటప్పుడు పాత పేపర్లతోపాటు వాటిని కూడా కిలోల లెక్కన తూయించింది ఎవరనుకున్నారు, నేనే. నాన్న ఏమీ అనలేదు. "పోనీలేరా, స్కోర్లన్నీ ఇప్పుడు ఫోన్లో ఉన్నాయిగా" అన్నాడంతే.

స్కోర్లు ఉన్నాయి, నిజమే. ఎర్ర ఇంకు లేదు. లక్ష్మణ్ 281ని దాచడానికి ప్రపంచమంతా ఉంది. మా కాలనీలో లెఫ్ట్ హ్యాండ్ స్పిన్ వేసే వాచ్‌మన్ కొడుకు మొన్న తీసిన అయిదు వికెట్లని దాచడానికి ఎవరున్నారు?

నాన్న వ్రాశాడు, కానీ ఒక్కడే పెట్టుకున్నాడు. నలుగురి చేతిలో ఉంటే నేను ఒక్కణ్ణి అమ్మేసినంత మాత్రాన పోయేవి కావు. అందుకే ఈసారి స్కోరుకార్డు టీములో అందరికీ పంపాను, తప్పులుంటే దిద్దమని. అరగంటలో ఫోనొచ్చింది. "నేను డకౌట్ కాదురా, లెగ్‌బై అని వేశావే, అది నా బ్యాటుకి తగిలింది" అని. చేసింది ఎవరో కాదు, ఎవడి కోసంరా అని అడిగినవాడే!

పన్నెండో వారం వ్రాస్తున్నాను.