కొలను వేరు, కడలి వేరు

ఈత వచ్చినవాళ్లకి చెరువైతేనేం, సముద్రమైతేనేం, నీళ్లు నీళ్లేగా అనుకుంటాం. అలా అనుకోవడానికి వీల్లేదని ఆరతీ సాహా కథ వింటే తెలుస్తుంది.

ఆరతి 1940లో కలకత్తాలో పుట్టింది. రెండున్నరేళ్లకే తల్లి పోయింది. ఇంట్లో పెద్దవాళ్లతో హుగ్లీ రేవుకి స్నానానికి వెళుతూ వెళుతూ నాలుగేళ్ల వయసులోనే ఈత పట్టుకుంది. తండ్రి అది చూసి, ఆడపిల్లకెందుకులే అనకుండా ఈత క్లబ్బులో చేర్పించాడు. ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. 1952లో, పన్నెండేళ్లు నిండకుండానే, హెల్సింకీ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బ్రెస్ట్ స్ట్రోక్ పందెంలో మన దేశం తరఫున ఈదింది.

ఆ పందెం జరిగేది కొలనులో. పొడవు 50 మీటర్లు. రెండు సార్లు అటూ ఇటూ వెళితే సరి. గోడ తగలగానే కాళ్లతో తన్నుకుని ముందుకు పోవచ్చు. దారి తప్పకుండా అడుగున గీత కూడా ఉంటుంది. పందెం మొదలయ్యేదాకా నీళ్లు కదలకుండా కూర్చుంటాయి.

ఇంగ్లీషు ఛానెల్‌లో ఇవేవీ ఉండవు. ఫ్రాన్సుకీ ఇంగ్లండుకీ మధ్య ఇరుకైన చోట 33 కిలోమీటర్లే గాని, ఆ దూరాన్ని తిన్నగా ఈదనివ్వరు మరి, ఆటుపోట్లు! సుమారు ఆరేసి గంటలకొకసారి నీరు దిక్కు మార్చుకుంటుంది. మనిషిని ఒకసారి ఇటు, ఒకసారి అటు లాక్కుపోతుంది. వేసవి చివర్లో కూడా నీళ్లు 15 నుంచి 18 డిగ్రీలే. పక్కనే పడవ వస్తుంది, కానీ దాన్ని పట్టుకోకూడదు. ఆకలేస్తే నీళ్లలో తేలుతూనే తినాలి.

1959 ఏప్రిల్లో ఆరతి కలకత్తా దేశబంధు పార్కు చెరువులో ఎనిమిది గంటలు ఏకధాటిగా ఈదింది. తర్వాత పదహారు గంటలు కూడా ఈదింది. ఓపికకి లోటు లేదన్నమాట. చలీ, పోటూ మాత్రం ఆ చెరువు నేర్పలేదు కదా!

ఆ ఏడు ఆగస్టు 27న ఛానెల్ పందెం. అర్ధరాత్రి దాటాక బయలుదేరాలి. ఆమెకి దారి చూపించాల్సిన పడవ వేళకి రాలేదు. నలభై నిమిషాలు ఆలస్యం! పెళ్లిలో అయితే పురోహితుడు ఎలాగో సర్దుతాడు. సముద్రానికి ఆ సర్దుబాటు తెలియదు. పొద్దున పదకొండయ్యేసరికి ఆరతి నలభై మైళ్లు దాటి ఈదేసింది. ఇంగ్లండు ఒడ్డు ఇంకా అయిదు మైళ్లుంది. సరిగ్గా అప్పుడు నీరు ఎదురు తిరిగింది. సాయంత్రం నాలుగింటిదాకా చేతులు ఆపకుండా ఈదితే ముందుకు సాగింది రెండు మైళ్లు! ఏటికి ఎదురీదడం అని మనం ఊరికే వాడేస్తుంటాం గాని, ఆ అయిదు గంటలు ఎలాంటివో ఊహించండి. చివరికి పడవవాళ్ల ఒత్తిడి మీద నీళ్లలోంచి బయటికి రావలసి వచ్చింది.

దీన్ని ఓటమి అని రాశారు. నాకు ఆ మాట మింగుడు పడదు. నలభై మైళ్లు ఈదిన పిల్ల బలహీనురాలా? వేళ తప్పింది, అంతే. 1926లో ఛానెల్ దాటిన మొట్టమొదటి స్త్రీ గెర్‌ట్రూడ్ ఎడర్లీ కూడా ఇలాంటి మనిషే. 1924 ఒలింపిక్స్‌లో కొలనులో బంగారు పతకం గెలిచిందా, ఆమెని సైతం 1925లో మొదటి ప్రయత్నంలో సగంలోనే పైకి తీసేశారు. మరుసటి ఏడు మళ్లీ దిగి, అంతకుముందు దాటిన అయిదుగురు మగవాళ్లకంటే తక్కువ వ్యవధిలో దాటింది.

ఆరతి ఏడాది కూడా ఆగలేదు. నెల రోజులకే, సెప్టెంబరు 29న, ఫ్రాన్సులోని గ్రీ నే అగ్రం దగ్గర మళ్లీ నీళ్లలో దిగింది. అయిదు రోజుల క్రితమే పందొమ్మిదేళ్లు నిండాయి. ఆ రోజు అలలు కూడా పెద్దవే. 16 గంటల 20 నిమిషాలు ఈది, 42 మైళ్లు తిరిగి, ఇంగ్లండులోని శాండ్‌గేట్ ఒడ్డుకి చేరింది. ఆసియా ఖండంలో అంతకుముందు ఏ స్త్రీ ఛానెల్ దాటలేదు. ఒడ్డుకి చేరగానే ఆమె చేసిన మొదటి పని, మన జెండా ఎగరవేయడం.