నిలుకడ లేని ఇంజను

మంజీరా నదిపై నిజాంసాగరు ఆనకట్ట నిర్మాణము 1923లో మొదలై 1931లో పూర్తియైనది. దాని కాలువల నీటితో నిజామాబాదు ప్రాంతమున వరితోపాటు చెరకు సాగు పెరిగినది. ఆ చెరకును ఆడుటకు 1937లో బోధన్ వద్ద నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. దాని చుట్టు ఏర్పడిన నివాసమునకు శక్కర్‌నగర్ అను పేరు నిలిచెను. పొలములనుండి గడను చేరవేసిన ఎడ్లబండ్లకు కాలక్రమమున డీజిలు లారీలు తోడైనవి.

నరికిన చెరకు ఎక్కువ కాలము నిలువదు. గడలోని ఎంజైములు, సూక్ష్మజీవులు చక్కెరను గ్లూకోజు, ఫ్రక్టోజులుగ విడగొట్టును. ఇవి తియ్యగ నున్నను చక్కెర పలుకులుగ తేలవు. ఎండ ముదిరినకొలది ఈ నష్టము హెచ్చును. కావున చెరకు లారీ దారిలో నిలిచిపోవుట డ్రైవరు కష్టము మాత్రమే కాదు. రైతు శ్రమలో కొంత భాగము కరగిపోవుటయే.

కర్మాగారము వాకిట బండ్ల వరుసలో లారీ కొన్ని గజములు కదలును, మరల ఆగును. ఆగినప్పుడు ఇంజను బరువు లేక మెల్లగ తిరుగుచుండును. దీనినే మెకానిక్కులు ఐడ్లింగు అందురు. పాత లారీలలో తరచుగ కనబడు వింత ఒకటి కలదు. నిండు బరువును తడబడక లాగిన ఇంజనే ఊరక నిలిచినప్పుడు వణకును, వేగము హెచ్చుతగ్గు లగును, తుదకు ఆగిపోవును. ఎక్కువ పని చేయగల యంత్రము తక్కువ పనికి ఏల తడబడవలెను?

సమాధానము డీజిలు ఇంజను చరిత్రలోనే యున్నది. గాలిని మిక్కిలి నొక్కినచో అది వేడెక్కును. ఆ వేడిలోనికి నూనెను చిమ్మినచో నిప్పురవ్వ లేకయే మండును. ఈ సూత్రముపై రుడాల్ఫ్ డీజిల్ నిర్మించిన ఇంజను 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగరమున జయప్రదముగ నడచినది. కాని అందులో నూనెను లోనికి ఊదుటకు సంపీడిత గాలి కావలసియుండెను. ఆ గాలిని సిద్ధపరచు యంత్రము బరువైనది. రోడ్డు బండికి తగదు. నూనెను నేరుగ పంపుతోనే చిమ్ము సాధనమును రాబర్ట్ బాష్ సంస్థ రూపొందించి, 1927లో పెద్దయెత్తున తయారుచేయ నారంభించెను. అటుపిమ్మట డీజిలు లారీలు విరివిగ వ్యాపించినవి. మన దేశమున ఇట్టి పంపులు చేయుటకు బాష్ సహకారముతో 1951లో బెంగుళూరున మైకో సంస్థ ఏర్పడినది. 1954లో టాటా సంస్థ డైమ్లర్-బెంజ్ సహకారముతో జంషెడ్‌పూరులో లారీల నిర్మాణమునకు పూనుకొన్నది.

ఈ పంపు చేయు పని ఎంత సూక్ష్మమో ఒక చిన్న లెక్క వలన తెలియును. ఆరు సిలిండర్లు గల ఇంజను నిమిషమునకు 600 చుట్లు తిరుగుచున్న దనుకొన్నచో, ప్రతి సిలిండరులో రెండు చుట్లకు ఒకమారు నూనె చిమ్మబడును. మొత్తము నిమిషమునకు 1,800 మారులు. గంటకు 1,08,000 మారులు. గంటకు ఒక లీటరు నూనె ఖర్చగునచో, ఒక్కొక్క మారు చిమ్మబడునది సుమారు 9 ఘన మిల్లీమీటర్లు మాత్రమే. ఒక నీటిచుక్క సుమారు 50 ఘన మిల్లీమీటర్లు ఉండును. అనగా ఇది చుక్కలో అయిదవ వంతు! ఒక నాజిలు అరిగి 2 ఘన మిల్లీమీటర్లు తేడా చేసిన, బరువు లాగునప్పుడు పడు 50లో అది ఇరువదియైదవ వంతే, పైకి తెలియదు. ఐడ్లింగులోనో, నాలుగైదవ వంతు. అందుచే బరువు దాచిన లోపమును విశ్రాంతి బయటపెట్టును.

ఇక వేగమును నిలుపునది గవర్నరు. తిరుగుచున్న గుండ్లు వేగము హెచ్చినపుడు వెలుపలికి జరిగి ఇంధనమును తగ్గించును. వేగము తగ్గినపుడు స్ప్రింగు వాటిని లోపలికి లాగి ఇంధనమును హెచ్చించును. జేమ్స్ వాట్ 1788లో ఆవిరి యంత్రమునకు అమర్చిన ఉపాయమే ఇది. గవర్నరు ఉన్నను కొన్ని యంత్రముల వేగము ఏల ఊగిసలాడునో 1868లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ గణితముతో పరిశీలించెను. దిద్దుబాటు ఆలస్యముగ అందిన, అది తప్పును సరిచేయక మరొక తప్పును పుట్టించును. పంపులోని కీళ్లు అరిగి వదులైనచో లారీలో జరుగునది ఇదియే.

కావున లోపమును వెదకుటకు ఒక క్రమము కలదు. మొదట గొట్టములలో గాలి చేరినదేమో చూడవలెను. గాలి నొక్కుకొనిపోవును, నూనె నొక్కుకొనదు. గాలి యున్నచో పంపు దెబ్బ దానిని నొక్కుటకే సరిపోవును. చేతిపంపు కొట్టుచు బుడగలు లేని నూనె వచ్చువరకు గాలి తీయుదురు. పిదప ఒక్కొక్క నాజిలు గొట్టపు నట్టును కొద్దిగ వదులుచేసి చూతురు. వేగము తగ్గినచో ఆ సిలిండరు పని చేయుచున్నదే. ఏమాత్రము మారనిచో లోప మక్కడనే. ఆ నాజిలును పక్క సిలిండరుకు మార్చినపుడు లోపము దానితో వెళ్లినచో తప్పు నాజిలుదే. వెళ్లనిచో పంపునో సిలిండరునో పరీక్షింపవలెను. అన్ని సిలిండర్లు సమముగ నున్నను వేగము ఊగుచున్నచో గవర్నరు వంక చూడవలెను. నాజిలు ధార చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. దాని ముందు చేయి పెట్టరాదు.

స్క్రూ త్రిప్పి ఐడ్లింగు వేగమును హెచ్చించుట సులభము. వణకు తగ్గును, రోగము మిగులును, డీజిలు వ్యర్థమగును. క్రమపద్ధతిలో పరీక్షించు మెకానిక్కు ఒకమారు ఒక్క అంశమునే మార్చి, ఫలితము చూచి, పిదప నిర్ణయించును. ప్రయోగశాలలో విద్యార్థి నేర్చుకొను పద్ధతి ఇదియే కదా!

బోధన్ కర్మాగారము 2015లో మూతపడినది. 2020 ఏప్రిలు నుండి అమ్మకమునకు వచ్చు లారీలు బి.ఎస్.-6 ప్రమాణమును పాటింపవలసి యుండగా, గుండ్ల గవర్నరు పనిని ఎలక్ట్రానిక్ నియంత్రణ స్వీకరించినది. సాధనము మారినను సూత్రము మారలేదు: వేగమును కొలుచుట, తేడాను గ్రహించుట, సకాలమున దిద్దుట.