మన చావులు ఏ రిజిస్టర్లో ఉన్నాయి?

పోస్టు కొంచెం పెద్దదే. కానీ ఇది మన తండాలకు, గూడేలకు, ఎరుకల వాడలకు పనికొచ్చే విషయం, అందుకే ఓపిగ్గా చదవమని అడుగుతున్నా.

మన కర్నూలు జిల్లా పత్తికొండలో 1827 జూలై 6న ఒక మనిషి కలరాతో చచ్చిపోయాడు. ఆయన మద్రాసు గవర్నర్ సర్ థామస్ మన్రో. ఏ తేదీన పోయాడో, ఏ రోగంతో పోయాడో, గుత్తిలో ఎక్కడ పూడ్చారో, తర్వాత అస్థికలు మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి ఎప్పుడు తీసుకుపోయారో, అన్నీ రాసిపెట్టారు. మద్రాసులో గుర్రం మీద విగ్రహం కూడా నిలబెట్టారు. తర్వాత 1905లో జూలియన్ జేమ్స్ కాటన్ అనే అధికారి మద్రాసు రాజధానిలో ఉన్న దొరల సమాధుల మీది రాతలన్నీ ఏరి పెద్ద పుస్తకమే వేశాడు.

మంచిదే. కానీ కలరా దొరలకు మాత్రమే వచ్చే రోగం కాదు కదా. ఆ కాలంలో అదే నేల మీద, అదే రోగంతో పోయిన మనవాళ్ల పేర్లు ఏ పుస్తకంలో ఉన్నాయి? చరిత్రలో మనం ఎట్లా బతికామో అడుగుతుంటాం. ఎట్లా చచ్చిపోయామో కూడా అడగాలి. ఎందుకంటే, చావు లెక్కలో లేనివాళ్లు బతికినట్టు కూడా లెక్కలో ఉండరు.

మన సీమలో ముసలివాళ్లు ఇప్పటికీ చెప్పే ధాత కరువు 1876-78లో వచ్చింది. మద్రాసు రాజధానిలో అందరికంటే ఎక్కువ దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు, కడప, బళ్లారి ఉన్నాయి. కరువు పనికి పోయినవాళ్లకు రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలని సర్ రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. అంత తిండితో ఆ పని చేస్తే మనిషి నిలవడని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. అప్పటికే ఊరి అధికారులు జననమరణాలు రాసే పద్ధతి ఉంది. కానీ రోడ్డు మీద పడిపోయినవాడు ఏ ఊరివాడని రాస్తారు? గంజి కేంద్రానికి నడుస్తూ దారిలో పోయిన తల్లి పేరు ఎవర్ని అడుగుతారు?

అందుకే ఆ కరువు చావుల్ని చివరికి తీసివేత లెక్కతో అంచనా కట్టాల్సి వచ్చింది. 1871 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లాలో సుమారు 9 లక్షల 14 వేల మంది ఉన్నారు. 1881కి సుమారు 6 లక్షల 78 వేలు. కడపలో 13 లక్షల 51 వేల నుంచి 11 లక్షల 21 వేలకు దిగిపోయింది. కర్నూలులో నలుగురిలో ఒకరు లేరు! కొందరు వలస పోయి ఉండొచ్చు, పుట్టాల్సిన పిల్లలు పుట్టకపోయి ఉండొచ్చు. మిగిలినదంతా చావే. అంకె ఉంది, పేర్లు లేవు.

ఇందులో మనవాళ్ల సంగతి ఇంకా కష్టం. చావు రాసేది ఊరి మునసబు. మన తండా ఊరికి దూరం, చెంచు గూడెం నల్లమల లోపల. లంబాడీలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ తిరిగేవాళ్లు. అట్లా దారిలో పోయినవాళ్లు ఏ మునసబు పుస్తకంలోకి వస్తారు? ఎవరైనా కబురు చెప్తేనే రాత.

అదే సర్కారు ఎరుకలవాళ్ల విషయంలో ఏం చేసిందో చూడండి. 1911 నేరస్థ తెగల చట్టం మద్రాసు రాజధానికి వచ్చాక పేర్లు రాసుకుంది, వేలిముద్రలు తీసుకుంది, రోజూ హాజరు పలికించింది. స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టింది. మద్రాసులో ఈ చట్టం 1947లో, దేశమంతా 1952 ఆగస్టు 31న పోయింది. అంటే మన పేర్లు రాయడం సర్కారుకు చేతకాక కాదు. అనుమానించడానికి రాసింది, గుర్తుపెట్టుకోడానికి రాయలేదు.

మరి మనకు రికార్డు లేదా? ఉంది, కాగితం మీద కాదు. సుగాలీల్లో భాట్లు, ఢాడీలు వంశాలు గుర్తుపెట్టుకుని పాడేవాళ్లు. ఏ గోత్రం, ఎవరి కొడుకు ఎవరు అనేది వాళ్ల నోట్లోనే ఉండేది. మా అవ్వలాంటివాళ్లకు తేదీ తెలీదు, కానీ "కరువు వచ్చిన ఏడు", "డ్యాంలో ఊర్లు మునిగిన ఏడు" అని చెప్తారు. శ్రీశైలం ముంపులో ఊళ్లు ఖాళీ చేయించింది 1981 ప్రాంతంలో. అట్లా ఆమె మాట పట్టుకుని మనం సంవత్సరం కట్టొచ్చు. పేపర్లో శ్రద్ధాంజలి వేయాలంటే డబ్బులు కావాలి. మన ఆడవాళ్లు శవం దగ్గర రాగం తీసి ఏడుస్తూ చనిపోయినాయన కష్టం, పెట్టిన చెయ్యి, నడిచిన దారి అన్నీ చెప్తారే, అదే మన శ్రద్ధాంజలి. కాకపోతే దాన్ని ఎవరూ రాసుకోరు.

ఇప్పుడు పని సంగతి. 1969 జనన మరణ నమోదు చట్టం ప్రకారం మరణం 21 రోజుల్లో చెప్పాలి. ఏడాది దాటితే జిల్లా మెజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మెజిస్ట్రేట్ లేదా జిల్లా మెజిస్ట్రేట్ అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. 2023 సవరణకు ముందు దీనికి ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేట్ దగ్గరికి పోవాల్సి వచ్చేది. ముఖ్యమైన మాట ఏమంటే, చావు ఎక్కడ జరిగితే అక్కడే నమోదు, సొంతూరులో కాదు. మిరపకాయల కోతకు గుంటూరు పోయి అక్కడ చనిపోతే రికార్డు అక్కడే ఉంటుంది. మన పంచాయతీలో ఎన్నిసార్లు అడిగినా దొరకదు. దాంతో వితంతు పింఛను ఆగుతుంది, పాసుపుస్తకంలో పేరు మారదు.

పాతవి వెతికేటప్పుడు ఆ ఏడాదికి ఊరు ఎక్కడుందో ముందు తెలుసుకోవాలి. మార్కాపురం, గిద్దలూరు 1970 దాకా కర్నూలు జిల్లాలోనివే. మునసబు, కరణాలు 1984లో పోయారు, తర్వాత ఏడాది తాలూకాల బదులు మండలాలు వచ్చాయి. 2022లో నంద్యాల, అన్నమయ్య జిల్లాలు విడిపోయాయి. కాబట్టి పంచాయతీలో లేకపోతే తహసీల్దారు ఆఫీసులో కూడా అడగాలి. రిజిస్టర్లో వెతికించమని అడిగే హక్కు 17వ సెక్షన్ మనకిచ్చింది. దొరకకపోతే లేదని రాసివ్వమని అడగండి, ఆ కాగితం కూడా పనికొస్తుంది.

ఇంకొకటి చాలామందికి తెలీదు. అటవీ హక్కుల చట్టం 2006 కింద వచ్చిన నిబంధనల్లో 13వది సాక్ష్యాల గురించి. బావులు, శ్మశానాలు, పూజా స్థలాలు, వంశవృక్షం, పెద్దల వాంగ్మూలం రాసింది, ఇవన్నీ సాక్ష్యాలే. అంటే రిజిస్టర్ మనల్ని వదిలేసినా మన తాతల సమాధులు మన భూమికి సాక్ష్యం చెప్తాయి. ఆ రాళ్లను జేసీబీతో తోసేస్తుంటే ఊరుకుంటే పోయేది రాళ్లు మాత్రమే కాదు.

దసరా సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక వంద పేజీల నోటుబుక్కు తీసుకుపోండి. తండాలో అందరికంటే పెద్దవాళ్ల దగ్గర కూర్చుని పోయినవాళ్ల పేరు, తండ్రి పేరు, ఏ కాలంలో పోయారు, ఎక్కడ పూడ్చారు లేదా కాల్చారు, ఇవి రాయండి. చెప్పినవాళ్ల పేరు, రాసిన తేదీ వేసి సంతకమో వేలిముద్రో తీసుకోండి. ఒకప్పుడు మన వేలిముద్ర మనల్ని దొంగలనడానికి తీసుకున్నారు. ఇప్పుడు మన పెద్దలు ఇక్కడే బతికారని చెప్పడానికి మనమే తీసుకుందాం. రాసినవాళ్లు మీ తండా పేరు కింద పెట్టండి, ఒక్కో తండాకు ఒక్కో పుస్తకం తయారవుతుంది.