పిల్లికి తుమ్ములు, బాబుకు జలుబు: ఎవరి నుంచి ఎవరికి?

చలికాలం వచ్చిందంటే కొన్ని ఇళ్లలో రెండు దగ్గులు ఒకేసారి వినిపిస్తాయి. ఒకటి పిల్లలది, ఇంకోటి పెంచుకునే పిల్లిదో, కుక్కదో. కరీంనగర్, జగిత్యాల వైపైతే ఇంట్లో పెద్దవాళ్లు వెంటనే అనే మాట ఒకటే: ‘ముందు గా పిల్లిని బయట ఇడిచిపెట్టి రా’.

నిజంగా వదిలేయాలా? దాదాపు ఎప్పుడూ అవసరం లేదు. శ్వాసకోశ వైరస్‌లు పెంపుడు జంతువుల నుంచి మనకు వచ్చిన సందర్భాలు తక్కువ. మన నుంచి వాటికి వెళ్లినవే ఎక్కువ. అయితే జాగ్రత్త పడాల్సిన దారి ఒకటి ఉంది. అది పిల్లి తుమ్ము కాదు. పిల్లి గిన్నెలో వేసే పచ్చి కోడిమాంసం.

వాటి జలుబు వేరు, మన జలుబు వేరు

పిల్లి కళ్ల నుంచి నీరు కారుతూ, తుమ్ముతూ, తిండి మానేస్తే చాలావరకు అది ఫెలైన్ హెర్పిస్ వైరస్ లేదా క్యాలిసి వైరస్ పని. పేరులో హెర్పిస్ ఉందని కంగారొద్దు, ఈ రెండూ మనుషులకు సోకవు. కుక్కల్లో కెన్నెల్ కాఫ్ అనే పొడి దగ్గుకు కారణమయ్యే వైరస్‌లదీ ఇదే కథ. మనకు తరచూ జలుబు తెచ్చే రైనో వైరస్ కూడా పిల్లికీ కుక్కకూ అంటదు. వైరస్ ఒంట్లోకి చేరాలంటే కణం మీద దానికి సరిపోయే గ్రాహకం ఉండాలి. తాళం వేరైతే చెవి తిరగదు. అందుకే ఒకే గదిలో ఇద్దరూ దగ్గుతున్నా, చాలాసార్లు అవి రెండు వేర్వేరు జబ్బులు.

ఇంకో మాట. పిల్లాడి దగ్గు జ్వరం లేకుండా నెలల తరబడి సాగుతుంటే వైరస్ కన్నా ముందు అలర్జీని అనుమానించాలి. పిల్లి నుంచి రాలే చర్మపు పొట్టు, లాలాజలం ఆస్తమాను రేపగలవు. దానికి వైద్యుడు చెప్పే దారి వేరు.

హైదరాబాద్ సింహాలు చెప్పిన సంగతి

మనుషుల వైరస్ జంతువులకు వెళ్తుందనడానికి మన రాష్ట్రంలోనే సాక్ష్యం ఉంది. 2021 మేలో, కోవిడ్ రెండో దశ ఉధృతంగా ఉన్నప్పుడు, హైదరాబాద్ నెహ్రూ జూలో 8 ఆసియా సింహాలకు వైరస్ సోకినట్టు సీసీఎంబీ పరీక్షల్లో తేలింది. వాటిని విడిగా ఉంచి చికిత్స చేశారు, కోలుకున్నాయి. సింహం కూడా పిల్లి జాతిదే. ఇంటి పిల్లులకూ ఈ వైరస్ తేలిగ్గానే సోకుతుంది. కుక్కలకు కొంత తక్కువ. 2020 ఫిబ్రవరిలో హాంకాంగ్‌లో ఒక పొమేరియన్ కుక్కకు పాజిటివ్ వచ్చినప్పుడు ప్రపంచమంతా ఉలిక్కిపడింది. దాని యజమానికి అప్పటికే కోవిడ్ ఉందన్న విషయం మాత్రం చాలామంది చెవిన పడలేదు.

వెనక్కి, అంటే జంతువు నుంచి మనిషికి వచ్చిన సంఘటనలు లేవా? ఉన్నాయి, కానీ వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. 2021లో థాయ్‌లాండ్‌లో నమూనా తీస్తుండగా పిల్లి ముఖం మీద తుమ్మడంతో ఒక పశువైద్యురాలికి కోవిడ్ వచ్చినట్టు పరిశోధకులు తేల్చారు. 2016 చివర్లో న్యూయార్క్‌లోని జంతు సంరక్షణ కేంద్రాల్లో వందల పిల్లులకు హెచ్7ఎన్2 ఫ్లూ పాకింది. వాటికి వైద్యం చేసిన ఒక డాక్టర్‌కు స్వల్పంగా సోకింది. రెండు చోట్లా జబ్బు పడింది పిల్లులతో అతి దగ్గరగా పనిచేసిన వైద్యులేనన్నది గమనించండి.

చిన్న జంతువుల్లో అసలు పేరు మోసింది మాత్రం హ్యామ్‌స్టర్. 2022 జనవరిలో హాంకాంగ్‌లోని ఒక పెట్ షాపు ఉద్యోగికి డెల్టా రకం కోవిడ్ వచ్చింది. ఆరా తీస్తే, షాపులోనూ గోదాములోనూ ఉన్న సిరియన్ హ్యామ్‌స్టర్లలో వైరస్ దొరికింది. అక్కడే ఉన్న కుందేళ్లలో, గినీ పిగ్‌లలో కనిపించలేదు. ప్రభుత్వం సుమారు 2,000 చిన్న జంతువులను చంపించింది. అది అతి చర్య అన్న విమర్శ అప్పుడే వచ్చింది. పిల్లల పుట్టినరోజుకు హ్యామ్‌స్టర్ కొనే అలవాటు మన దగ్గరా పెరుగుతోంది కాబట్టి ఒక జాగ్రత్త: 2018 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం పెట్ షాపులు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. సర్టిఫికెట్ చూపించమని అడగండి. మూలకు ఒదిగి, తుమ్ముతూ ఉన్న జంతువును జాలిపడి కూడా ఇంటికి తేవద్దు.

గిన్నెలో పచ్చి కోడి

ఇక అసలు విషయం. బర్డ్ ఫ్లూ హెచ్5ఎన్1 పిల్లులకు చాలా ప్రమాదకరం. సోకిన పక్షిని తిన్నా, ఆ మాంసం పచ్చిగా తిన్నా వాటికి వస్తుంది. 2025 ఆరంభంలో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లుల్లో ఈ వైరస్ బయటపడింది. అదే సమయంలో ఆంధ్రప్రదేశ్‌లోని పశ్చిమ గోదావరి జిల్లా కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. అటు నుంచి వచ్చే కోళ్ల లారీలను తెలంగాణ సరిహద్దుల్లో ఆపేశారు.

ఆ మార్చిలోనే పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షలో హెచ్5ఎన్1 అని తేలింది. వంటకు కోస్తున్నప్పుడు పాప పచ్చి కోడిముక్క తిన్నట్టు కుటుంబం చెప్పింది. ఇది పెంపుడు జంతువు వల్ల వచ్చిన కేసు కాదు. కానీ పచ్చి మాంసం ఎంత దగ్గరి దారో ఇంతకన్నా బాధాకరంగా చెప్పే ఉదాహరణ లేదు.

చికెన్ సెంటర్ నుంచి తలలు, కాళ్లు, పేగులు తక్కువ ధరకు తెచ్చి పిల్లికో కుక్కకో వేయడం మన పట్టణాల్లో మామూలే. తేవడం తప్పు కాదు. పచ్చిగా వేయడమే తప్పు. ఫ్రిజ్‌లో పెడితే వైరస్ చావదు, గడ్డకట్టించినా చావదు. లోపలిదాకా ఉడికితేనే చస్తుంది. కాబట్టి వాటి వాటా కూడా పొయ్యి ఎక్కాలి. కోసిన కత్తి, పీట, చేతులు సబ్బుతో కడగాలి. ఆ పని జరిగేటప్పుడు చంటిపిల్లలను పక్కన కూర్చోబెట్టుకోవద్దు. ఉడికించిన చికెన్, గుడ్డు మనుషులు నిశ్చింతగా తినొచ్చు.

కొండగట్టు కోతుల మాటేమిటి?

మంగళ, శనివారాల్లో కొండగట్టు అంజన్న దర్శనానికి వెళ్లేవారికి కోతులూ ఎదురవుతాయి. చేతిలో అరటిపండు, కొబ్బరి చిప్ప ఉంటే లాక్కునిపోతాయి కూడా. అవి పెంపుడు జంతువులు కావు. కానీ వైరస్‌ల లెక్కలో పిల్లి కన్నా కోతే మనకు దగ్గర చుట్టం. కొవాగ్జిన్ టీకాను కోతుల మీద కూడా పరీక్షించారు. అందుకోసం 2020లో 20 కోతులను నాగ్‌పుర్ ప్రాంతంలో పట్టి పుణె తీసుకెళ్లారు. మనకు సోకే వైరస్ వాటికీ సోకుతుంది కాబట్టే వాటిని ఎంచుకున్నారు. ఉగాండాలోని కిబాలే అడవిలో 2013లో మనుషులకు జలుబు తెచ్చే రైనో వైరస్ సి వల్ల చింపాంజీలు చనిపోయాయి.

అందుకని జలుబుతో కొండెక్కినప్పుడు సగం కొరికిన పండు కోతికి ఇవ్వకండి. అవి వదిలేసిన పండు పిల్లలను ముట్టనివ్వకండి. కోతి కరిచినా, గీరినా విషయం వేరు. అప్పుడు గాయాన్ని 15 నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి, అదే రోజు రేబిస్ టీకా కోసం ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి.

ఎప్పుడు, ఎవరిని అడగాలి?

ఇంట్లో మనిషికి ఫ్లూనో కోవిడో ఉంటే కొన్ని రోజులు పిల్లినీ, హ్యామ్‌స్టర్‌నూ ఒళ్లో పెట్టుకోవద్దు. పడక మీదికి రానివ్వద్దు. వేరేవాళ్లు తిండి పెట్టాలి. తప్పక తామే పెట్టాల్సి వస్తే మాస్కు వేసుకోవాలి. జంతువుకు మాస్కు కట్టొద్దు. శానిటైజర్‌తో తుడవొద్దు, నాకితే దానికి విషమే.

జంతువు మామూలుగా తుమ్ముతూ తింటూ ఉంటే రెండు మూడు రోజులు చూడొచ్చు. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, తిండి పూర్తిగా మానేసినా ఆగొద్దు. దగ్గర్లోని ప్రభుత్వ పశువైద్యశాలకు తీసుకెళ్లండి. జగిత్యాల జిల్లాలో ఉన్నవారికి కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. 1962 సంచార వైద్య సేవ ప్రధానంగా పాడి పశువుల కోసం పెట్టింది. సలహా కోసం ఫోన్ చేయొచ్చు గానీ, పిల్లి కోసం బండి ఇంటికి వస్తుందని ఎదురుచూస్తూ సమయం పోగొట్టుకోకపోవడమే నయం.

పిల్లి తూలుతున్నా, ఫిట్స్ వచ్చినా, అది ఈ మధ్య పచ్చి కోడిమాంసమో చచ్చిన పక్షినో తిని ఉంటే ఆ సంగతి పశువైద్యుడికి మొదటే చెప్పండి. అనుమానం ఉంటే నమూనాలను భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాలకు పంపే ఏర్పాటు పశుసంవర్ధక శాఖదే. చుట్టుపక్కల కోళ్లు, కాకులు గుంపుగా చనిపోతే చేత్తో ముట్టకుండా అదే శాఖకు తెలపాలి.

అలాంటి పిల్లిని లేదా పక్షిని తాకిన 10 రోజుల్లోపు మీకు జ్వరం, దగ్గు, కళ్లు ఎర్రబడటం మొదలైతే బస్తీ దవాఖానాకో, కరీంనగర్, జగిత్యాల ప్రభుత్వ ఆసుపత్రులకో వెళ్లండి. ఆయాసం ఉంటే 108కి ఫోన్ చేయండి. ఫ్లూకు మందు ఉంది, అయితే త్వరగా మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. ‘ఇంట్లో పిల్లి ఉందా, కోళ్లున్నాయా’ అని ఓపీలో డాక్టర్ అడగకపోవచ్చు. మీరే చెప్పాలి.