డాబా మీది వేణ్ణీళ్ళు

కిందటేడు చలికాలంలో యాత్రకి వెళ్ళి ఓ లాడ్జీలో దిగాం. తెల్లవారుజామున నాలుగింటికి కుళాయి తిప్పితే పొగలు కక్కే నీళ్ళు! మా ఇంట్లో ఆ వేళకి ఎవరో ఒకరు లేచి - ఎవరో ఏమిటి, నేనే లేచి - గీజరు వేస్తే తప్ప రావు.

"కరెంటు బిల్లు భరించలేక డాబా మీద సోలార్ పెట్టించానమ్మా" అన్నాడు యజమాని.

ఇదేదో నిన్నమొన్నటి విద్య అనుకున్నాను. ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేస్తే దీని వయసు నూట ముప్ఫై ఏళ్ళ పైమాటే!

1891లో అమెరికాలోని బాల్టిమోర్‌లో క్లారెన్స్ కెంప్ అనే ఆయన 'క్లైమాక్స్' అన్న పేరుతో దీనికి పేటెంటు తీసుకున్నాడు. నల్లరంగు పూసిన నీళ్ళతొట్లు, చుట్టూ చెక్కపెట్టె, పైన అద్దం. అంతే. మొదట ఎవరికి అమ్మజూపాడో తెలుసా? వేసవిలో భార్యలు పనివాళ్ళని వెంటేసుకుని విహారాలకి పోతే, నీళ్ళు కాచుకోవడం చేతగాక అవస్థపడే భర్తలకి! మరి మిగతా కాలమంతా ఆ పొయ్యి వెలిగించేవాళ్ళ సంగతేమిటయ్యా అని అడగాలనిపించింది నాకు.

బొగ్గు ఖరీదైన కాలిఫోర్నియాలో ఇది బాగా అమ్ముడుపోయింది. కానీ పొద్దుగూకితే నీళ్ళు చల్లారిపోయేవి. 1909లో విలియం బెయిలీ ఆ తొట్టిని ఎండలోంచి తీసి ఇంట్లో పైన పెట్టి, చుట్టూ వేడి పోకుండా మందంగా కప్పాడు. కింద ఎండలో గొట్టాలు. వేడెక్కిన నీరు తేలికై తనంతట తానే పైకెక్కుతుంది. పేరు 'డే అండ్ నైట్'. తెల్లారి కూడా వేణ్ణీళ్ళే! దాంతో కెంప్‌గారి సరుకు మూలపడింది. 1913 జనవరిలో విపరీతమైన చలికి గొట్టాలు పగిలితే, వాటిలో ఆల్కహాలు కలిపిన నీళ్ళు నింపి ఆ గండమూ గట్టెక్కాడు.

గట్టెక్కలేనిది గ్యాసుని. 1920ల్లో అక్కడ సహజవాయువు చవకగా దొరికేసరికి జనం అటు తిరిగారు. బెయిలీ కూడా గ్యాసు హీటర్లే అమ్మడం మొదలుపెట్టాడు! ఏం చేస్తాడు, వ్యాపారం.

అదే సరుకు కరెంటు ఖరీదైన ఫ్లోరిడాకి 1923లో చేరింది. మయామీలో ఇళ్ళు, అపార్టుమెంట్లు, హోటళ్ళు అన్నిటి మీదా ఇవే. 1941 నాటికి ఆ ఊళ్ళో సగం జనాభాకి పైగా ఎండకి కాగిన నీళ్ళే వాడారట. యుద్ధం వచ్చి రాగికి కరువొచ్చింది, ఆ తర్వాత కరెంటు చవకైంది, మళ్ళీ మూలపడింది.

మర్నాడు ముసురు పట్టింది. కుళాయిలో గోరువెచ్చనే. కిందికి దిగి చెబితే లాడ్జీ ఆయన వెళ్ళి కరెంటు స్విచ్చి వేశాడు. వేసి, ఓసారి మీటరు వంక చూసుకున్నాడు పాపం.