దేవుణ్ణి నిలదీసిన పద్యం

కృష్ణా జిల్లా శ్రీకాకుళంలో కొలువైన ఆంధ్ర మహావిష్ణువుతో కాసుల పురుషోత్తమ కవి అన్న మాటలు ఇంట్లో పిల్లలెవరైనా అంటే, ‘కళ్లు పోతాయి, లెంపలు వేసుకో’ అంటారు పెద్దలు. భూభారం మోసేది నీ భార్య భూదేవి. అడిగినవారికి సిరులిచ్చేది మరో భార్య లక్ష్మి. లోకాలను పుట్టించేది కొడుకు బ్రహ్మ, పాపాలు కడిగేది కూతురు గంగ. పేరంతా పెళ్లాం బిడ్డలు తెచ్చిపెట్టిందే కదా, నీ సొంతం ఏముందయ్యా అని ఒక సీసపద్యంలో నిలదీస్తాడాయన. విన్నవాళ్లు ముందు నవ్వుతారు. లోకాన్ని నడిపేవాళ్లంతా ఎవరి ఇంటివాళ్లో చెప్పి, ఆ ఇంటి యజమానికి మన చేత దండం పెట్టించాడని తర్వాత తడుతుంది. ఇదే నిందాస్తుతి.

ఈ ఎత్తుగడ పాతదే. భామహుడు, దండి వంటి ఆలంకారికులు దీనికి వ్యాజస్తుతి అని పేరు పెట్టారు. దండి చూపిన ఉదాహరణ రాజు మీదిది. తాపసి అయిన పరశురాముడే గెలిచిన భూమిని గెలిచి మురిసిపోకు అని దెప్పుతూ, రాజును పరశురాముడి సరసన నిలబెట్టిన శ్లోకమది. కొలువులో పుట్టిన ఆ చమత్కారం మన దగ్గర గుడిలోకి వచ్చింది, శతకంతో పాటుగా.

తెలుగు తొలి శతకాల్లో ఒకటైన వృషాధిప శతకాన్ని 13వ శతాబ్దిలో పాల్కురికి సోమనాథుడు రాశాడు. అందులో ప్రతి పద్యమూ బసవణ్ణి పిలుస్తూ ముగుస్తుంది. శతకానికి కథ అక్కర్లేదు, ఏ పద్యానికాపద్యం విడిగా నిలుస్తుంది. మకుటం మాత్రం మారదు. నిందాస్తుతికి ప్రాణం అక్కడే ఉందని నా నమ్మకం. మనిషి మీద కోపం వస్తే మొహం తిప్పుకుని పోవచ్చు. శతకకవికి ఆ వీలు లేదు. ఎంత నిష్ఠూరమాడినా పద్యం చివర మళ్లీ ఆయన పేరే పలకాలి, ఆయన ఎదుటే నిలబడాలి.

17వ శతాబ్దిలో గోల్కొండ చెరసాలలో ఉన్న రామదాసు, నగలు చేయించిన సొమ్ము ఎవరిదని రాముణ్ణి కీర్తనలోనే దులిపేశాడు. బాధకు ఓర్వలేక అన్నాను, మన్నించమని ఆ వెంటనే వేడుకున్నాడు. 18వ శతాబ్దిలో గోగులపాటి కూర్మనాథ కవిది మరో బాధ. సింహాచలం మీదికి సైన్యం వచ్చిపడితే, నీ సింహబలం ఏమైందని నరసింహస్వామిని శతకంలో రెచ్చగొట్టాడు. అంతట తుమ్మెదలు గుంపుగా లేచి ఆ సైన్యాన్ని తరిమాయని అక్కడ చెప్పుకుంటారు. ఆ పద్యాల్లో నవ్వు తక్కువ, ఆక్రోశం ఎక్కువ.

ఆక్రోశాన్ని నవ్వుగా మలిచినవాడు పురుషోత్తమ కవి. ఊరు దివిసీమలోని పెదప్రోలు, కాలం 18వ శతాబ్ది చివర, ఆశ్రయం చల్లపల్లి జమీందారుది. శ్రీకాకుళ స్వామి సామాన్యుడు కాడు, శ్రీకృష్ణదేవరాయలకు కలలో కనిపించి ఆముక్తమాల్యద రాయమన్న దేవుడు. అలాంటి స్వామి గుడి ఈ కవి నాటికి ధూపదీపాలకు వెతుక్కునే స్థితికి వచ్చిందంటారు. ఆ దుస్థితి చూసిన కవి ఆంధ్రనాయక శతకం ఎత్తుకున్నాడు. సీసం నాలుగు పెద్దపాదాల్లో నేరాలు ఒక్కొక్కటే మోపుతాడు, కింది గీతంలో తీర్పు చెబుతాడు. విన్నవాడికి నోటికి రావడానికి అంతకన్నా అనువైన పద్యం లేదు. శతకం చల్లపల్లి ప్రభువు చెవిన పడి, గుడికి మళ్లీ మంచిరోజులు వచ్చాయని ప్రతీతి.

గుడి బాగుపడ్డాకా శతకం బతికే ఉందంటే కారణం ఆయన మోపిన నేరాలే. వామనుడై చెయ్యి చాచాడు, కృష్ణుడై వెన్న దొంగిలించాడు, అర్జునుడికి బండి తోలాడు. పైకి అన్నీ ఎత్తిపొడుపులే. కానీ ఇవన్నీ ఎవరి కోసం చేశాడో తెలిసినవాడికి ఒక్కోటీ ఒక్కో అవతారంలోని దయ. ఇప్పటి కవుల్లో కొందరు నిందాస్తుతి పేరుతో దేవుడి మీద విసుర్లు మాత్రమే విసురుతారు. పురాణంలో వేరు లేని ఆ విసురు వినగానే నవ్వు పుట్టిస్తుందేమో కానీ, రెండోసారి చదివితే దాని అడుగున ఏమీ దొరకదు. పురుషోత్తముడి పద్యంలో మాత్రం భాగవతం ఎంత తెలిస్తే అంత నవ్వు, అంత భక్తి.